కాలేజీ మారితే క్రెడిట్లు ఏమవుతాయి?

(అమెరికాలోని తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చినందుకు చాలా సంతోషం. ఈరోజు చెప్పే విషయాల్లో ఎక్కువ భాగం వాళ్లు స్వయంగా చేసుకోవాల్సినవే.

మీలో చాలామంది ఎస్‌ఏటీ స్కోరు గురించో, ఎస్సే ఎలా రాయాలన్నదాని గురించో వినాలని వచ్చి ఉంటారు. అవి చెప్పేవాళ్లు మనకు కొదవలేదు. నేను సీటు వచ్చిన తర్వాతి సంగతి మాట్లాడతాను. అమెరికాలో మొదలుపెట్టిన కాలేజీలోనే డిగ్రీ పూర్తి చేయాలన్న నియమం లేదు. రెండేళ్లు ఒకచోట, మిగతా రెండేళ్లు ఇంకోచోట చదవడం ఇక్కడ బాగా నలిగిన దారే. బరాక్ ఒబామా లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీలో రెండేళ్లు చదివి, 1981లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి మారారు. మన ఇళ్లలో మాత్రం పిల్లవాడు కాలేజీ మారుతున్నాడంటే "అక్కడ చదవలేకపోయాడా?" అనే ప్రశ్న ముందు వస్తుంది. ఆ ప్రశ్న పిల్లల్ని చాలా బాధపెడుతుంది. ఇంట్లో చెప్పడానికి భయపడి, గడువు తేదీలు దాటిపోయాక నా దగ్గరికి వచ్చే పిల్లలు ఉన్నారు. దయచేసి వాళ్లను ముందు మాట్లాడనివ్వండి.

మారడంలో అసలు ప్రమాదం పరువుది కాదు, క్రెడిట్లది. క్రెడిట్లంటే ఒక్కో కోర్సు పాసైతే డిగ్రీ లెక్కలో జమయ్యే పాయింట్లు. అమెరికా ప్రభుత్వ ఖర్చుల మీద, పథకాల మీద అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే జీఏఓ అనే సంస్థ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకున్నారని అందులో అంచనా వేశారు. ఒక పబ్లిక్ కాలేజీ నుంచి ఇంకో పబ్లిక్ కాలేజీకి మారినవాళ్లకు నష్టం 37 శాతం. లాభాపేక్షతో నడిచే ప్రైవేటు కాలేజీల నుంచి పబ్లిక్ కాలేజీలకు వచ్చినవాళ్లకు 94 శాతం. అంటే దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టినట్టే. ఏడాదికి 30 క్రెడిట్లు సంపాదించిన విద్యార్థికి ఆ సగటు లెక్కన 13 పోతే, అది ఇంచుమించు ఒక సెమిస్టర్. ఆ సెమిస్టర్‌కు ఫీజు ఒకసారి కట్టారు. మళ్లీ కడతారు.

ఇది ఎందుకు జరుగుతుందో కాస్త నిదానంగా చెప్తాను. ఇక్కడ అర్థం కాకపోతే మిగతాదంతా వృథా.

కొత్త యూనివర్సిటీ మీ క్రెడిట్ల విషయంలో రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకుంటుంది. చాలాచోట్ల ఆ రెండూ రెండు వేర్వేరు ఆఫీసుల్లో జరుగుతాయి. మొదటిది అడ్మిషన్స్ లేదా రిజిస్ట్రార్ ఆఫీసు చేస్తుంది. మీరు చదివిన కాలేజీకి గుర్తింపు ఉందా, కోర్సు కాలేజీ స్థాయిదేనా, గ్రేడు కనీసం సీ వచ్చిందా అని చూసి క్రెడిట్ ఇస్తుంది. పిల్లలు ఫోన్ చేసి "నాన్నా, మొత్తం 60 క్రెడిట్లూ తీసుకున్నారు" అని సంతోషంగా చెప్పేది ఇది చూసే. రెండో నిర్ణయం డిపార్ట్‌మెంట్‌ది. మీరు అక్కడ చదివిన ఫలానా కోర్సు, ఇక్కడ డిగ్రీకి కావాల్సిన ఫలానా కోర్సుకు సమానమా కాదా అన్నది వాళ్లు తేలుస్తారు. సమానం కాదంటే ఆ క్రెడిట్లు ఎలెక్టివ్‌ల, అంటే ఇష్టమైనవి ఎంచుకునే కోర్సుల ఖాతాలో పడతాయి. ఆర్ట్స్ డిగ్రీల్లో ఎలెక్టివ్‌లకు చోటు బాగానే ఉంటుంది. ఇంజనీరింగ్‌లో, నర్సింగ్‌లో చాలా తక్కువ. ట్రాన్స్‌క్రిప్ట్ మీద, అంటే గ్రేడ్ల పత్రం మీద 60 కనబడుతుంది, డిగ్రీకి పనికొచ్చేవి 40 ఉంటాయి.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. కోర్సులు ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉంటాయి. కంప్యూటర్ సైన్స్ తీసుకోండి. ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు, తర్వాత రెండోది, దాని తర్వాత డేటా స్ట్రక్చర్స్, అది అయితేనే అల్గారిథమ్స్. మీవాడు పాత కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ చదివాడు. కొత్త కాలేజీ అది తమ కోర్సుకు సమానం కాదంది. పోయింది నాలుగు క్రెడిట్లే కదా అనిపిస్తుంది. కానీ దాని వెనకున్న వరుస మొత్తం ఆగిపోతుంది. ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడితే ఏడాది ఆలస్యం. మూడో ఏడు పెద్ద కోర్సులు లేకపోతే ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల్లో వెనకబడతారు. అందుకే నేను ఏ విద్యార్థినైనా మొదట అడిగేది "ఎన్ని క్రెడిట్లు వస్తాయి?" అని కాదు. "నువ్వు అక్కడికి వెళ్లిన మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సులు తీసుకోగలుగుతావు?" అని. దీనికి జవాబు చెప్పగలిగితే ఆ విద్యార్థి సిద్ధంగా ఉన్నట్టు.

ఈ వరుస సమస్య సెమిస్టర్ కాలేజీకీ క్వార్టర్ కాలేజీకీ మధ్య మారేటప్పుడు మరీ ఎక్కువ. సెమిస్టర్ కాలేజీలో చదువు ఏడాదిని రెండు భాగాలు చేస్తారు, క్వార్టర్ కాలేజీలో మూడు. లెక్క ప్రకారం ఒక క్వార్టర్ క్రెడిట్ సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులు. 180 క్వార్టర్ క్రెడిట్లు, 120 సెమిస్టర్ క్రెడిట్లు ఒకటే. అంకెలు సరిపోతాయి. పాఠాలు సరిపోవు. క్యాలిక్యులస్‌ను ఒకచోట రెండు సెమిస్టర్లలో చెప్తారు, ఇంకోచోట అదే పాఠాన్ని మూడు క్వార్టర్లకు పంచుతారు. రెండు క్వార్టర్లు చదివి మధ్యలో మారితే, కొత్తచోట ఒక కోర్సు పూర్తయ్యి, రెండోది సగంలో తెగి ఉంటుంది. సగానికి క్రెడిట్ ఇవ్వరు, మొత్తం మళ్లీ చదవాలి. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఏదైనా సరే, మొదలుపెట్టిన వరుసను అక్కడే ముగించి మారండి. ఒక క్వార్టర్ ఆగాల్సి వచ్చినా ఆగండి.

ఇక దారుల సంగతి. అమెరికా ఒకే దేశం కాబట్టి ఒకే పద్ధతి అనుకోవద్దు. ప్రతి రాష్ట్రానిదీ వేరే ఏర్పాటు. కొన్ని రాష్ట్రాలు కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక పబ్లిక్ కాలేజీ) పిల్లల కోసం మంచి రోడ్డు వేసి పెట్టాయి. కాలిఫోర్నియాలో 1960 నాటి మాస్టర్ ప్లాన్ నుంచే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి రావడమన్నది వ్యవస్థలో భాగం. అక్కడ అసిస్ట్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. ఈ కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సు చదివితే, ఆ యూనివర్సిటీలో ఈ మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) ఏ కోర్సుగా లెక్కకు వస్తుందో అందులో వరుసగా చూపిస్తారు. నేను ఇందాక చెప్పిన రెండో నిర్ణయాన్ని ముందే రాసి పెట్టారన్నమాట. ఇంత విలువైన సమాచారం ఉచితంగా ఉంటే, వాళ్లనీ వీళ్లనీ అడిగి కోర్సులు ఎంచుకునే కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది.

అదే రాష్ట్రంలో 2010లో చేసిన చట్టం వల్ల ట్రాన్స్‌ఫర్ కోసమే రూపొందించిన రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలు వచ్చాయి. 60 సెమిస్టర్ క్రెడిట్లతో అది పూర్తి చేస్తే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. ఎక్కడో ఒకచోట అన్నాను, గమనించండి. మీరు కోరుకున్న క్యాంపస్‌లో, కోరుకున్న మేజర్‌లో అని కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు వేరే ఏర్పాటు. టాగ్ అంటారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లలో ఒకదానికి ముందుగా హామీ తీసుకోవచ్చు. దరఖాస్తు సెప్టెంబర్‌లో పెట్టాలి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇందులో లేవు. ఉన్న క్యాంపస్‌లలో కూడా గిరాకీ ఎక్కువున్న కొన్ని మేజర్లకు హామీ వర్తించదు. మీ మేజర్ ఉందో లేదో ఏటా చూసుకోవాల్సిందే.

టెక్సస్‌లో మొదటి రెండేళ్ల కోర్సులకు ఉమ్మడి నంబర్ల పద్ధతి ఉంది. 42 క్రెడిట్ల కోర్ కరికులం (అందరికీ తప్పనిసరైన కోర్సులు) ఒక పబ్లిక్ కాలేజీలో పూర్తిచేస్తే, ఇంకో పబ్లిక్ కాలేజీ దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి. విడగొట్టి "ఇది చాలదు, అది చాలదు" అనడానికి లేదు. పూర్తి చేయకుండా మధ్యలో మారితే ఆ రక్షణ పూర్తిగా దొరకదు, కోర్సు తర్వాత కోర్సు చూస్తారు. ఫ్లోరిడాలో కూడా రాష్ట్రమంతటికీ ఒకే కోర్సు నంబర్లు ఉన్నాయి, అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ డిగ్రీ ఉంటే స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు ఉంటుంది. వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీలకూ యూనివర్సిటీలకూ మధ్య, ఇంత జీపీఏ (గ్రేడ్ల సగటు) తెచ్చుకుంటే సీటు ఇస్తామనే ఒప్పందాలు ఉన్నాయి. మీది ఏ రాష్ట్రమైనా ఇలాంటిది ఉందేమో మొదట వెతకండి. రాష్ట్రం దాటితే మాత్రం ఈ హామీలేవీ మీతో రావు.

నాలుగేళ్ల యూనివర్సిటీ నుంచి ఇంకో నాలుగేళ్ల యూనివర్సిటీకి మారడం వేరే కథ. చాలామంది ఇదే తేలిక అనుకుంటారు. రెండూ పెద్ద యూనివర్సిటీలే కదా, కోర్సులు ఎందుకు సరిపోవు అంటారు. నిజానికి ఆ రెండింటి మధ్య ఏ ఒప్పందమూ ఉండకపోవచ్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే తన రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఖాళీలు తక్కువ. ప్రిన్‌స్టన్ దశాబ్దాల పాటు ట్రాన్స్‌ఫర్లు తీసుకోవడమే మానేసి, 2018లో మళ్లీ మొదలుపెట్టింది. అది కూడా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లను, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులను, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని. పన్నెండో తరగతిలో సీటు రాని పెద్ద కాలేజీకి ఏడాది తర్వాత వెనక తలుపు ఉందని అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

అసలు మారాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ నా అభిప్రాయం దాచను. మీకు కావాల్సిన మేజర్ ఆ కాలేజీలో లేకపోతే, ఉన్నా లోపలి విద్యార్థులకు కూడా తలుపులు మూసి ఉంటే, మారండి. ఫీజు భరించలేకపోతే మారండి. ఆరోగ్యం బాగా లేక ఇంటికి దగ్గరగా ఉండాలంటే మారండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మొదటి సెమిస్టర్‌లో స్నేహితులు దొరకలేదనైతే మాత్రం రెండో సెమిస్టర్ చూసి నిర్ణయించుకోండి. కేవలం ర్యాంకు పది స్థానాలు పైకి పోతుందని మూడో ఏడు మారవద్దు. చాలా యూనివర్సిటీలు 120 క్రెడిట్లలో కనీసం 30 తమ దగ్గరే చదవాలంటాయి, కొన్ని ఇంకా ఎక్కువ అడుగుతాయి. మేజర్‌లోని పై స్థాయి కోర్సులు కూడా తమ దగ్గరే చేయాలంటాయి. ఆలస్యంగా మారేకొద్దీ చేతిలోంచి జారిపోయేవి పెరుగుతాయి.

హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి రెండు సంగతులు. ఒకటి, ఏపీ పరీక్షలు, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాల మీద రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు. స్కోరు ఐదుకు ఇస్తారు. మొదటి కాలేజీ మూడు స్కోరుకు క్రెడిట్ ఇచ్చిందనుకోండి, ఆ క్రెడిట్ సాధారణంగా మీతో రెండో కాలేజీకి రాదు. వాళ్లు కాలేజ్ బోర్డు నుంచి స్కోర్లు మళ్లీ తెప్పించుకుని తమ పద్ధతిలో చూస్తారు. అక్కడ నాలుగో ఐదో కావాలంటే ఆ కోర్సు మళ్లీ చదవాల్సిందే. రెండు, డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్. పదో తరగతిలోనే కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్లో చేర్పిస్తున్నారు. మంచిదే, కానీ అది నిజమైన కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్. ఆ గ్రేడు జీవితాంతం ఉంటుంది. రేపు మీ అమ్మాయి మెడికల్ స్కూళ్లకు ఏఎంసీఏఎస్ ద్వారా అప్లై చేస్తే, హైస్కూల్ రోజుల్లో చదివిన కాలేజీ కోర్సులు సహా ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి, అన్ని గ్రేడ్లూ జీపీఏ లెక్కలోకి వస్తాయి. పదిహేనేళ్ల వయసులో తొందరపడి తెచ్చుకున్న సీ అప్పుడు ఎదురవుతుంది. పిల్ల సిద్ధంగా లేకపోతే ఆగండి.

గ్రేడ్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. సాధారణంగా కాలేజీ మారితే క్రెడిట్లు వస్తాయి, జీపీఏ రాదు. కొత్తచోట సున్నా నుంచి మొదలు. పాత గ్రేడ్లు బాగా లేనివాళ్లకు ఇది ఊరట. బాగా ఉన్నవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో టెన్షన్, ఎందుకంటే ఒక్క బీ వచ్చినా దాన్ని కాపాడే పాత 'ఏ' గ్రేడ్లు ఉండవు. ఆ మొదటి సెమిస్టర్‌లో కష్టమైన కోర్సులు నాలుగూ ఒకేసారి పెట్టుకోవద్దు.

దరఖాస్తు గురించి క్లుప్తంగా. శరదృతువులో చేరాలంటే చాలా యూనివర్సిటీల గడువు మార్చి ప్రాంతంలో ఉంటుంది, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు అయితే అంతకుముందు శీతాకాలం మొదట్లోనే. కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) ద్వారా వెళ్తే చాలా కాలేజీలు ఇప్పుడు చదువుతున్న కాలేజీ నుంచి రిపోర్టు, నడుస్తున్న సెమిస్టర్ గ్రేడ్లతో మిడ్ టర్మ్ రిపోర్టు అడుగుతాయి. ప్రొఫెసర్ల సంతకాలు పట్టాలి, చివరి వారంలో దొరకరు. చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి, ఒక్క వేసవి కోర్సు అయినా సరే. గ్రేడు బాగా రాలేదని ఒక కాలేజీని దాచితే, ఆ తర్వాత బయటపడితే, వచ్చిన సీటు కూడా పోతుంది. ఎస్సేలో పాత కాలేజీని తిట్టవద్దు. అక్కడ ఏం చదివావు, తర్వాత ఏం చదవాలి, అది ఇక్కడే ఎందుకు దొరుకుతుంది, ఇవి రాస్తే చాలు.

సిలబస్‌లు. ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్‌గా దాచుకోండి. వారం వారం ఏం చెప్పారు, ఏ పుస్తకం, ఎన్ని పరీక్షలు, ఏ ప్రాజెక్టులు, ఇవన్నీ ఉన్న కాపీ దాచుకోవాలి. డిపార్ట్‌మెంట్ మీ కోర్సు సమానం కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలు నిలబడేది సిలబస్ మీదే. ఒక అమ్మాయికి లీనియర్ ఆల్జీబ్రాను ఎలెక్టివ్‌గా రాసి పెట్టారు. సిలబస్, పాత అసైన్‌మెంట్లు పట్టుకుని ఆ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ దగ్గరికి వెళ్లింది, వాళ్లు చదివి చూసి మార్చారు. అడగకపోతే మార్చేవాళ్లు కాదు. మొదట వచ్చిన లెక్కను ఆఖరి మాటగా తీసుకోవద్దు.

ఇంకొక్కటి, డబ్బు. మొదటి ఏడాది చేరినప్పుడు ఇచ్చిన మెరిట్ స్కాలర్‌షిప్ ఆ కాలేజీదే, మీ వెంట రాదు. కొత్తచోట ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లు వేరుగా, తక్కువగా ఉంటాయి. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏలో, అంటే ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తులో, కొత్త కాలేజీని చేర్చాలి. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్‌కు జీవితం మొత్తంలో 12 సెమిస్టర్ల పరిమితి ఉంది. కాలేజీలు మారుతూ క్రెడిట్లు పోగొట్టుకుంటే ఆ పరిమితి మధ్యలోనే అయిపోతుంది. కొత్త కాలేజీకి డిపాజిట్ కట్టేముందు ఆర్థిక సాయం ఎంతో, క్రెడిట్ల లెక్క ఎలా వచ్చిందో రెండూ రాతపూర్వకంగా చేతికి రావాలి. అవి వచ్చేదాకా పాత కాలేజీలో సీటు వదులుకోవద్దు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. కొత్త యూనివర్సిటీ అడ్మిషన్ ఇచ్చింది. నేరుగా వెళ్లి చేరిపోవచ్చా?)

కుదరదు బాబూ. నీకు అడ్మిషన్ మారడం ఒకటి, సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల గురించి ప్రభుత్వం ఉంచే రికార్డు, మారడం ఇంకొకటి. ఇప్పుడున్న కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు అడ్మిషన్ లెటర్ చూపించి, రికార్డు ఎప్పుడు విడుదల చేయాలో తేదీ నిర్ణయించుకోవాలి. ఆ తేదీ తర్వాతే కొత్త కాలేజీ ట్రాన్స్‌ఫర్ ఐ-20 (ఎఫ్-1కు కావాల్సిన కాలేజీ పత్రం) ఇస్తుంది. క్యాంపస్‌లో ఉద్యోగం ఉంటే ఆ తేదీతో పాత కాలేజీలో పని ఆపేయాలి. సీపీటీ గానీ ఓపీటీ గానీ, అంటే చదువుకు సంబంధించిన పని అనుమతి, నడుస్తుంటే అదీ అక్కడితో ముగుస్తుంది. వేసవి ఇంటర్న్‌షిప్ ఉంటే తేదీని దాన్ని బట్టి పెట్టించుకో. క్లాసులకు వెళ్లకుండా స్టేటస్ తప్పితే మామూలు ట్రాన్స్‌ఫర్ దొరకదు, కాబట్టి మారే సెమిస్టర్‌లో కూడా పూర్తి కోర్సులు చదవాలి. ఈ నిబంధనలు మారుతుంటాయి. స్నేహితుడు పోయినేడు ఎలా చేశాడన్నది కాకుండా, నీ కాలేజీ డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) ఈరోజు ఏం చెప్తే అది చెయ్యి.

(ఒక తల్లి: మా అబ్బాయి హెచ్-4 డిపెండెంట్ వీసా మీద కమ్యూనిటీ కాలేజీలో ఉన్నాడండి. వచ్చే ఏడాది ట్రాన్స్‌ఫర్. అప్పటికి 21 దగ్గర పడతాడు.)

మంచి ప్రశ్న అడిగారమ్మా, ఇది చాలా ఇళ్లలో ఉంది. హెచ్-4 మీద చదవడానికి ఇబ్బంది లేదు, కానీ 21 నిండిన రోజుతో ఆ స్టేటస్ అయిపోతుంది. చదువు కొనసాగాలంటే చాలామంది ఎఫ్-1కు మారతారు. ఎఫ్-1కు ఏ కాలేజీ ఐ-20 ఇస్తుందన్నది ముఖ్యం. కమ్యూనిటీ కాలేజీ ఐ-20తో మార్పుకు దరఖాస్తు పెట్టి, అది పెండింగ్‌లో ఉండగా యూనివర్సిటీకి మారితే చిక్కులు వస్తాయి. ఇంకోటి, కొన్ని రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రవాసులకిచ్చే తక్కువ ఫీజు) దొరుకుతుంది, ఎఫ్-1కు మారాక అది ఉంటుందో లేదో ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసునే అడగాలి, తేడా ఏడాదికి వేల డాలర్లలో ఉంటుంది. బాబు పుట్టినరోజు, యూనివర్సిటీలో క్లాసులు మొదలయ్యే రోజు, ఈ రెండు తేదీలూ పట్టుకుని ఈ నెలలోనే ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి. తర్వాత యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి.